వచ్చాక మాట్లాడదాం అనుకుంటే ఎప్పటికీ రాదు

నోటిఫికేషన్ పడుతుంది. సిలబస్ మొత్తం ఒకసారి తిరగేశాక అప్లై చేద్దాంలే అనుకుంటాం. తిరగేసేలోపు చివరి తేదీ దాటిపోతుంది. రెజ్యూమె రాసి ఆరు నెలలవుతుంది, ఇంకాస్త దిద్దాలని ఎవరికీ పంపం. ప్రాజెక్టు కోడ్ ల్యాప్‌టాప్‌లోనే మూలుగుతుంటుంది. ఇంకో రెండు ఫీచర్లు కలిపాక గిట్‌హబ్‌లో పెడదామని మన ఆలోచన. గ్రూప్ డిస్కషన్ సంగతి సరేసరి. పాయింటు బుర్రలో రెడీగా ఉంటుంది. దాన్ని తప్పుల్లేని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు పక్కవాడు అదే పాయింటు చెప్పేస్తాడు.

మా కోటబొమ్మాళి, టెక్కలి వైపు కుర్రాళ్లకు దీనికి తోడు ఇంకో భయం ఉంటుంది. మాటల మధ్యలో ‘ఏటి’ అని ఎక్కడ దొర్లిపోతుందోనని హైదరాబాద్, విశాఖ ఇంటర్వ్యూల్లో తెలుగులో కూడా నోరు మెదపరు.

ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. చాలాసార్లు అది బద్ధకం కాదు, ఒక్క తప్పు కూడా లేకుండా చేయాలన్న పట్టుదల. దీనికే పర్‌ఫెక్షనిజం అని పేరు. వినడానికి మంచి గుణంలాగే ఉంటుంది. మీ బలహీనత ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే కొంతమంది గొప్పగా దీన్నే చెప్పుకుంటారు కూడా. కానీ అది మన చేత మంచి పని చేయిస్తోందా, అసలు పనే చేయనివ్వడం లేదా? ఇది తేల్చుకోవడానికి మన జిల్లాలో పుట్టిన ఒక మేష్టారి జీవితం బాగా ఉపయోగపడుతుంది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు కాలేజీలో ఆయన ఫొటోకు దండ వేస్తాం, మర్నాటికి మర్చిపోతాం. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు.

ముప్పై రూపాయల మేష్టారు

గిడుగు 1863 ఆగస్టు 29న పుట్టారు. ఊరు పర్వతాలపేట, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర. 1875లో తండ్రి వీర్రాజు చనిపోయేనాటికి ఆయనకు పన్నెండేళ్లు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయనతో పాటు చదివిన కుర్రాడే తర్వాత కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు.

మెట్రిక్యులేషన్ కాగానే ఇల్లు నిలబెట్టుకోవాల్సిన పరిస్థితి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టారుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. వయసు పదహారు దాటి పదిహేడు. ఇప్పటి లెక్కలో ఇంటర్ చదివే వయసన్నమాట. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ, అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. మన పాతపట్నం దాటితే వచ్చేస్తుంది.

డిగ్రీ అయ్యాకే ఉద్యోగం అని ఆయన ఆగలేదు. ఆగే వీలూ లేదు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా కట్టి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పాసయ్యారు. స్కూలు కాలేజీగా మారాక కాలేజీ తరగతులకూ చెప్పారు. చరిత్ర మేష్టారు కాబట్టి శ్రీముఖలింగం గుళ్లలోని శాసనాలు ఏం చెబుతున్నాయో తెలుసుకోవాలనుకున్నారు. నేర్పేవాళ్లు దొరికేదాకా ఎదురుచూడకుండా, రాళ్ల మీది పాత లిపిని తనే కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నారు. ఆయన జీవితం మొత్తానికి ఇదే పద్ధతి. ముందు పనిలోకి దిగడం, చేస్తూ చేస్తూ నేర్చుకోవడం.

రాని భాషలో బడి

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల మీద సవరలు. సంతకు దిగివచ్చే సవరల మాట కింద ఊళ్లవాళ్లకు అర్థమయ్యేది కాదు. వాళ్ల పిల్లలకు చదువు లేదు. చదువు చెప్పాలంటే చెప్పేవాడికి వాళ్ల భాష రావాలి. అది నేర్చుకుందామంటే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, అప్పటికి లిపి కూడా లేదు. పైగా అది తెలుగుకు చుట్టమైన భాష కాదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందుతుంది, సవర ముండా కుటుంబానికి చెందుతుంది. గొంతు టక్కున బిగబట్టి వదిలే ధ్వని లాంటివి అందులో ఉన్నాయి. మన అక్షరాల్లో వాటికి చోటు లేదు.

పర్‌ఫెక్షనిస్టుకు ఇంతకన్నా మంచి సాకు దొరకదు. ముందు వ్యాకరణం తయారుకానీ, తర్వాత నేర్చుకుందాం, ఆ తర్వాత బడి పెడదాం అనుకుంటే ఆ బడి ఎప్పటికీ తెరుచుకునేది కాదు. గిడుగు చేసిన పని చాలా మామూలుగా ఉంటుంది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. రోజూ అతనితో మాట్లాడారు. తప్పు పలికితే దిద్దించుకున్నారు, విన్నది రాసుకున్నారు. మేష్టారే ఆ మనిషి దగ్గర శిష్యుడిలా కూర్చున్నారు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమో అన్న భయం ఉంటే ఈ పని సాగేది కాదు.

కాస్త వంటబట్టగానే సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టించారు, అక్కడి పంతుళ్లకు జీతాలిచ్చారు. పిల్లలు తమ భాషలోనే చదువుకున్నారు. గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు అని ఇప్పుడు మనం పాలసీ పత్రాల్లో చదివే మాటను వందేళ్లకు పైగా వెనక ఒక స్కూలు మేష్టారు తన జీతం డబ్బుతో చేసి చూపించారు.

దీనికి ఆయన కట్టిన మూల్యం చిన్నదేమీ కాదు. ఆ అడవులు మలేరియాకు పుట్టిల్లు. తిరిగి తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. ధ్వనుల మీద పనిచేసే మనిషికి వినికిడి పోవడం అంటే ప్రోగ్రామర్‌కు చూపు తగ్గడం లాంటిది. అయినా పని వదల్లేదు.

ఏది ఆగాలి, ఏది ఆగకూడదు

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. గిడుగు ఏదో ఒకటి చేసేసి చేతులు దులుపుకునే రకం కాదు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది 1931లో. సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1938లో. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఆ పుస్తకాల వెనక సుమారు 35 ఏళ్ల పని ఉంది. భాషాశాస్త్రంలో అప్పుడప్పుడే వస్తున్న కొత్త పుస్తకాలు తెప్పించుకుని చదివి, ప్రతి ధ్వనినీ ప్రతి రూపాన్నీ తూచి తూచి రాశారు. పట్టింపు విషయంలో ఆయన మనందరికన్నా నాలుగు ఆకులు ఎక్కువే చదివారు.

మరి తేడా ఎక్కడుంది? రెండు పనుల్ని ఆయన విడదీసుకున్నారు. వ్యాకరణానికి, నిఘంటువుకు ఏళ్లు పడతాయి, పట్టనివ్వాలి. పిల్లాడి వాచకం మాత్రం ఈ ఏడాదే కావాలి. వచ్చే పదేళ్ల తర్వాత వచ్చే నిఘంటువు ఇవాళ్టి పిల్లాడికి అక్షరం నేర్పదు. అందుకని పెద్ద పనిని దాని దారిన సాగనిస్తూనే, చిన్న పనిని ఎప్పటికప్పుడు జనం చేతిలో పెట్టారు. ఇంకో సంగతి, ఆ చిన్న పనే పెద్ద పనికి ముడిసరుకు. సవరలతో మాట్లాడకుండా, వాళ్ల మధ్య తిరగకుండా ఆ వ్యాకరణం పుట్టేదే కాదు. సాఫ్ట్‌వేర్‌లో మనం యూజర్ల చేతిలో పెట్టాకే బగ్స్ బయటపడతాయి కదా, అలాగే.

పండితులకూ రాని భాష

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా స్కూళ్లకు జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న మనిషి. ఆయనకు ఒక సందేహం పట్టుకుంది. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకలా ఉంది, జనం నోట్లో తెలుగు ఇంకోలా ఉంది. ఎందుకిలా? విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఈ ప్రశ్న చుట్టూ ఒకటయ్యారు. వాడుక భాషా ఉద్యమం అలా మొదలైంది.

అప్పటి విద్యార్థి అవస్థ మీకు సులువుగానే అర్థమవుతుంది. ఇంట్లో ‘వస్తున్నాడు’ అంటాడు, పరీక్షలో ‘వచ్చుచున్నాడు’ అని రాయాలి. అరసున్న ఎక్కడ పెట్టాలి, బండి ‘ఱ’ ఎక్కడ రాయాలి అన్నది గుర్తుపెట్టుకోవాలి. చెప్పాల్సిన విషయం తెలిసినా, ఆ రూపాలు రాకపోతే రాసింది తప్పు. 1858 నాటి బాలవ్యాకరణం కొలబద్దగా కూర్చుంది. తప్పు పోతుందన్న భయంతో చాలామంది తెలుగులో రాయడమే మానుకునే పరిస్థితి. ఇవాళ మన క్లాసులో సగంమంది ఇంగ్లీషు ముందు ఎలా కూర్చుంటున్నారో, ఆనాటి పిల్లలు తమ సొంత భాష ముందు అలా కూర్చున్నారు.

గిడుగు వాదనలో అసలు బలం ఇక్కడుంది. గ్రాంథికం కష్టం కాబట్టి వదిలేద్దాం అని ఊరుకోలేదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితుల పుస్తకాలు తీసి, వాటిల్లో ఆ వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. మరోపక్క పాత గ్రంథాలు, వ్యాఖ్యానాలు, వచన రచనలు వెతికి, పూర్వం పెద్దవాళ్లు కూడా వాడుక రూపాలు ఎలా రాశారో పోగేశారు. గద్యచింతామణి అలా వచ్చిన పుస్తకమే. ఇంకో పుస్తకానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని పేరు పెట్టారు. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. తెలుగులో భేషజానికి డాబు అనే అర్థం కూడా ఉంది. ఆ పేరులోనే చురక ఉంది.

దాని సారాంశం ఒకటే. మీరు పిల్లల ముందు పెట్టిన ఆ తప్పుల్లేని భాష మీకూ రాదు, ఎవరికీ రాదు. ఎవరూ అందుకోలేని కొలత పెట్టి, అందుకోలేదని పిల్లాణ్ని ఫెయిల్ చేయడం ఏం న్యాయం?

ఇంకో విషయం మర్చిపోకూడదు. ఆ తప్పులు పట్టగలిగారంటే గ్రాంథికం ఆయనకు కరతలామలకం అన్నమాట. నియమాలు తెలియక తప్పించుకున్న మనిషి కాదు. బాగా తెలిసి, వాటిలో ఏవి పనికొస్తాయో ఏవి కాళ్లకు అడ్డం పడతాయో చెప్పగలిగిన మనిషి.

స్నేహితుడి రెండో వెర్షన్

ఇదే సమయంలో విజయనగరంలో పాత క్లాస్‌మేట్ గురజాడ చేసింది కూడా చూడండి. కన్యాశుల్కం 1892లో స్టేజీ ఎక్కింది. 1897లో అచ్చయింది. అది వాడుక భాషలో, ఆడపిల్లల్ని అమ్ముకునే దురాచారం మీద వచ్చిన నాటకం. ఆ నాటకం అంతటితో అయిపోలేదు. ఆయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, చాలా మార్చి పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేది, ఆడేది ఈ రెండోదే.

మొదటి కూర్పు 1909 దాకా పెట్టెలోనే ఉండి ఉంటే? పన్నెండేళ్ల పాటు ఆ నాటకం చేయాల్సిన పని ఆగిపోయేది. జనం ఎలా తీసుకున్నారో గురజాడకు తెలిసే దారీ ఉండేది కాదు. 1915లో 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. కొండుభట్టీయం, బిల్హణీయం లాంటివి పూర్తి కాకుండానే మిగిలిపోయాయి. మన దగ్గర ఎంత టైమ్ ఉందో ఎవరికీ తెలియదు. అందుకే చేతిలో ఉన్నది బయటికి రావాలి.

ఒక అడుగు ముందుకు, రెండు వెనక్కి

1911లో గిడుగు రిటైరయ్యారు. మూడు దశాబ్దాల సర్వీసు తర్వాత అసలు పని మొదలైంది. సభలకు పుస్తకాల మూటలతో వెళ్లి, పేజీ తీసి చూపించి వాదించేవారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం రాశారు. ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది కూడా ఆ ఏడాదే.

ఫలితాలు మాత్రం అంత తొందరగా రాలేదు. స్కూలు ఫైనల్ వ్యాసరచనలో వాడుక భాష రాయొచ్చని అనుమతి వచ్చింది. పండితులు గట్టిగా వ్యతిరేకించడంతో అది కొద్దికాలానికే వెనక్కి పోయింది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు అవతలి పక్షం. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు, అది ఏడాదికే ఆగింది. పత్రిక ఆగితే వేరే పత్రికల్లో రాశారు, రాయడం ఆపలేదు.

అదే 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులు ఎవరో తెలుసా? కందుకూరి వీరేశలింగం. ఎక్కువగా గ్రాంథికంలో రాసిన మనిషి, డెబ్బై దాటాక ఇటువైపు వచ్చారు. మరో మూడు నెలలకు ఆయన పోయారు. అంత పేరున్న మనిషి అంత వయసులో తన పద్ధతి మార్చుకోవడానికి సిగ్గుపడలేదు. మనం ఇరవై రెండేళ్లకే, ఇదివరకు పంపిన రెజ్యూమెలో ఒక తప్పుందని వారం రోజులు నిద్రపోం.

1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం ఆయనకు నచ్చలేదు. డెబ్బై రెండేళ్ల వయసులో, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక ఆఫీసులో సంపాదకులతో సమావేశమై, పత్రికల్లో జనం భాష వాడమని కోరారు. వారం తర్వాత, జనవరి 22న కన్నుమూశారు. అప్పటికి ఆయన కోరిక పూర్తిగా తీరలేదు. తర్వాత తీరింది. మీరు ఇప్పుడు ఈ పేపరు చదివి అర్థం చేసుకోవడానికి నిఘంటువు తీయాల్సిన అవసరం పడలేదు కదా.

మన సంగతికి వద్దాం

గిడుగు రెండు భాషలతో చేసిన పనిలో ఒకటే సూత్రం కనిపిస్తుంది. ఏదైనా వాడగా వాడగా సరిగ్గా వస్తుంది. సరిగ్గా వచ్చాక వాడదాం అంటే కుదరదు. వాడుక భాష అనే పేరులోనే ఆ మాట ఉంది.

ఇంగ్లీషు విషయానికే రండి. ఆయన ఇంట్లో మనిషిని పెట్టుకుని సవర మాట్లాడారు. మీకు రూమ్మేట్ ఉన్నాడు. రోజూ పావుగంట ఒక టాపిక్ మీద ఇద్దరూ తప్పులతోనే మాట్లాడుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి ఒక్కసారి వినండి, రోజుకు ఒక్క తప్పు పట్టుకోండి. పది తప్పులు ఒకేరోజు దిద్దుకుందామంటే మళ్లీ మొదటికొస్తారు. గ్రూప్ డిస్కషన్‌లో మీ లక్ష్యం తప్పుల్లేని వాక్యం కాకూడదు. మొదటి రెండు మూడు నిమిషాల్లో ఒక్క మాటైనా చెప్పడం లక్ష్యంగా పెట్టుకోండి.

చేతిలో ఉన్న పనుల్ని ఆయనలా రెండుగా విడదీయండి. గ్రూప్స్, గేట్ లాంటి వాటి ప్రిపరేషన్ నిఘంటువు లాంటిది, టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. అప్లికేషన్, రెజ్యూమె, మాక్ టెస్ట్, చిన్న ప్రాజెక్టు పిల్లాడి వాచకం లాంటివి. ఈ వారమే బయటికి వెళ్లాలి. సిలబస్ సగమే అయినా మాక్ టెస్ట్ రాయండి. మార్కులు తక్కువ వస్తాయి, రానివ్వండి. మిగతా సగంలో ఏది ముందు చదవాలో ఆ మార్కులే చెబుతాయి. రెజ్యూమెలో పేరు, ఫోన్ నంబరు, మార్కులు, తేదీలు రెండుసార్లు సరిచూడండి, అక్కడ తప్పు ఉండకూడదు. ఫాంట్ గురించి మూడో రాత్రి కూర్చోవద్దు.

ఎవరితోనైనా పోల్చుకుని వెనక్కి తగ్గుతున్నారా? ఆ కొలత ఎవరు పెట్టారో ఒకసారి అడగండి. ఉద్యోగ ప్రకటనలో రాసిన పది స్కిల్స్‌లో ఆరే ఉన్నాయని ఆగిపోతారు చాలామంది. ఆ పదీ ఉన్నవాడే ఉద్యోగంలో చేరతాడన్న నమ్మకం ఏమీ లేదు. లేనివి ఉన్నాయని రాయకండి, ఉన్న ఆరింటితో అప్లై చేయండి.

ఇక యాస గురించి. మన మాటలో ‘ఏటి’ ఉంటే ఉండనివ్వండి. ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా, నెమ్మదిగా, విషయం ఉన్నట్టు చెబితే చాలు. ఎవరి నోటి మాట వారికి తప్పు కాదని నిరూపించడానికి మన వంశధార ఒడ్డు మనిషి ముప్పై ఏళ్లకు పైగా పోట్లాడారు. ఆ జిల్లావాళ్లమే మాట్లాడటానికి జంకితే ఎలా?

దండ వేయడానికి ఆగస్టు 29 దాకా ఆగొచ్చు. ఆ అప్లికేషన్ చివరి తేదీ మాత్రం ఆగదు, ఒకసారి చూసుకోండి.